సుబ్బారావుగారి ఫొటో పక్కన ఇంకో కుర్చీ వేయండి

అమెరికాలోని తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, కన్వెన్షన్ కమిటీల్లో నిద్ర మానుకుని తిరిగే అన్నలకు, అక్కలకు నమస్కారం.

నేను మీకు కొత్తవాణ్ణి కాను. అట్లాంటా పక్కన గ్విన్నెట్ కౌంటీలో పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నాను. జీవిత సభ్యుణ్ణి. ఉగాదికి కుర్చీలు సర్దేవాళ్లలో, దీపావళికి పార్కింగ్ దగ్గర మెరిసే జాకెట్ తగిలించుకుని చేతులూపేవాళ్లలో నన్ను చూసే ఉంటారు. ఉద్యోగం స్టాటిస్టిక్స్. హెచ్ఐవీ రాకుండా ఎలా ఆపాలని పరిశోధించేవాళ్లకి లెక్కలు చూసిపెడతాను. ఎవరైనా అడిగితే మాత్రం "హెల్త్ డేటా అండీ" అని ఊరుకుంటాను. హెచ్ఐవీ అనగానే ఎదుటి మనిషి చేతిలోని ప్లేటు అర అడుగు వెనక్కి జరగడం రెండు మూడుసార్లు చూశాక ఆ అలవాటు వచ్చింది.

మొన్న దీపావళి భోజనాల దగ్గర ఒక మాట విన్నాను. అన్నది ఎవరో ఇక్కడ అనవసరం, అందరం గౌరవించే మనిషే. "ఇన్నాళ్లూ రంగు చూసి రీసెర్చ్ డబ్బులు పంచారు. ఇక్కడా అవే రిజర్వేషన్లు. ఇప్పుడు తీసేశారు, మంచిదైంది. మెరిట్ ఉన్నవాడికి వస్తాయి" అన్నారు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు తలూపారు. ఒకరిద్దరు నవ్వారు. అలాంటి డబ్బుతో నడిచిన పనిని రోజూ కళ్లారా చూసినవాణ్ణి ఆ బల్ల దగ్గర నేనొక్కణ్ణే. నోరు మెదపలేదు. పులిహోర ముద్ద మింగి, మంచినీళ్ల వంకతో లేచిపోయాను. ఆ రాత్రి అనాల్సిన మాటలు ఇప్పుడు రాస్తున్నాను.

ముందు ఆ డబ్బు సంగతి. పీహెచ్‌డీయో ఎండీయో పూర్తయి, ఇంకా సొంతంగా నిలదొక్కుకోని మనిషికి ఇచ్చే గ్రాంట్ అది. మూడు నుంచి ఐదేళ్లపాటు జీతంలో పెద్ద భాగం, ఒక చిన్న అధ్యయనానికి సరిపడా ఖర్చు, వీటితోపాటు "ఈ మనిషిని నేను తయారుచేస్తాను" అని సంతకం పెట్టిన ఒక గురువు. మెంటార్ అంటాం. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ ఇచ్చే 'కె' గ్రాంట్లలో చాలావాటికి ఒక షరతు ఉంది. ఆ మనిషి పనిలో కనీసం 75 శాతం పరిశోధనకే పోవాలి. డిపార్ట్‌మెంట్ వాళ్లు నాలుగు క్లాసులు, మూడు కమిటీలు నెత్తిన వేస్తామంటే కుదరదు. బయటివాళ్లకి ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కొత్త అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని అడగండి, ఆ 75 శాతం కోసం ఏమివ్వమన్నా ఇస్తారు.

మెంటార్ చేసే పని ఏమిటో దగ్గర్నుంచి చూశాను. గ్రాంట్ దరఖాస్తులో మొదటి పేజీ ఒకటుంటుంది. నేనేం కనుక్కోబోతున్నాను, ఎలా, ఎందుకు అన్నది ఆ ఒక్క పేజీలో ఇమడాలి. మా దగ్గరున్న ఒక యువ పరిశోధకురాలు ఆ పేజీ మీద నాలుగు నెలలు కూర్చుంది. ఆమె మెంటార్‌కి అరవై దాటాయి, ఇప్పటికీ కాగితం మీద ఎర్ర పెన్నుతోనే దిద్దుతారు. ఒకరోజు మొదటి పేరా మొత్తం కొట్టేసి, మార్జిన్‌లో ఒక్క వాక్యం రాశారు. "ఇది పుస్తకంలో ఉన్న ప్రశ్న. నువ్వు చర్చిలో విన్న ప్రశ్న ఏది?" ఆమె ఆ కాగితాన్ని చాలాకాలం తన కంప్యూటర్ పక్కన అంటించుకుంది. రివ్యూ కమిటీలో ఎవరెవరుంటారు, స్కోరు కొద్దిలో తప్పితే ఎన్నాళ్లకి మళ్లీ పెట్టాలి, ప్రోగ్రామ్ ఆఫీసర్‌కి ఫోన్ చేసి ఏం అడగొచ్చు, ఏం అడగకూడదు, ఇవి ఏ పాఠంలోనూ ఉండవు. ప్రొఫెసర్ల పిల్లలకి ఇంట్లో అన్నం తింటూ తెలుస్తాయి. మన పిల్లలకి ఐఐటీ సీనియర్ల వాట్సాప్ గ్రూపుల్లో తెలుస్తాయి. ఆమెకి చెప్పేవాళ్లు లేరు. దక్షిణ జార్జియాలో ఒక చిన్న ఊరు, కుటుంబంలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి.

ఇలాంటి పథకాల్లో కొన్నిటిని పరిశోధన రంగంలో బాగా తక్కువగా ఉన్నవారి కోసం పెట్టారు. నల్లవారు, లాటినోలు, అమెరికా మూలవాసులు. ఆ లెక్కలో ఆసియావాళ్లం లేం, ల్యాబుల్లో మనం కావలసినంతమంది ఉన్నామని. మనకి వాటా లేని పథకం పోతే మనకేం అనిపించకపోవడం నాకు అర్థమవుతుంది. అనిపించకపోవడం వేరు, మంచిదైందని సంతోషించడం వేరు.

మన అట్లాంటాలోనే ఉన్న ప్రభుత్వ రోగ నివారణ సంస్థ సీడీసీ 2000ల తొలి ఏళ్లలో అచ్చంగా హెచ్ఐవీ నివారణ కోసమే అలాంటి పథకం ఒకటి మొదలుపెట్టింది. పేరు మైనారిటీ హెచ్ఐవీ/ఎయిడ్స్ రీసెర్చ్ ఇనిషియేటివ్. ఇంగ్లిష్ అక్షరాలు కలిపితే 'మారి' అవుతుంది. నాకు ఆ పేరు ఎప్పుడు చూసినా తెలుగులోనే వినపడుతుంది. నల్లవారి, లాటినోల బస్తీల్లో హెచ్ఐవీ మీద పనిచేసే యువ శాస్త్రవేత్తలకి డబ్బు, పక్కన ఒక సీనియర్, ఇదే దాని పద్ధతి. హెచ్ఐవీ నివారణ పద్ధతుల్ని పరీక్షించే హెచ్ఐవీ ప్రివెన్షన్ ట్రయల్స్ నెట్‌వర్క్ వాళ్లు కూడా స్కాలర్స్ ప్రోగ్రామ్ పేరుతో ఇలాంటిదే నడిపారు.

అంత పట్టుబట్టి వీళ్లనే ఎందుకు వెతకాలి? లెక్కలు చూసేవాణ్ణి కాబట్టి లెక్కే చెబుతాను. అమెరికా జనాభాలో నల్లవారు ఎనిమిదో వంతుకి కాస్త అటూ ఇటూ. ఏటా కొత్తగా బయటపడే హెచ్ఐవీ కేసుల్లో వాళ్ల వాటా మూడో వంతు కంటే ఎక్కువ. 2016లో సీడీసీ ఒక అంచనా వేసింది. అప్పటి పరిస్థితే కొనసాగితే నల్లజాతి గే, బైసెక్సువల్ పురుషుల్లో ఇద్దరిలో ఒకరికి జీవితకాలంలో హెచ్ఐవీ వస్తుందని. తెల్లవారిలో అయితే పదకొండు మందిలో ఒకరికి. హెచ్ఐవీ రాకుండా కాపాడే ప్రెప్ మాత్రకి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది 2012లో. తొమ్మిదేళ్ల తర్వాత, 2021 లెక్కల్లో, ఆ మందు అవసరమైన తెల్లవారిలో 78 శాతం మందికి అది అందింది. అవసరమైన నల్లవారిలో 11 శాతానికే. మందు ఉంది, పనిచేస్తుంది, ఫార్మసీలో దొరుకుతుంది. అవసరం ఎక్కువున్న చోటికే చేరలేదు.

ఎందుకు చేరలేదన్నదే అసలు పరిశోధన. ఇక్కడ ప్రశ్న ఎవరు వేస్తారన్న దాన్నిబట్టి జవాబు మారిపోయిన కథ ఒకటుంది. చాలా ఏళ్లు అందరూ అనుకున్నది ఏమిటంటే, నల్లజాతి గే పురుషుల్లో హెచ్ఐవీ ఎక్కువంటే వాళ్ల ప్రవర్తనే అందుకు కారణమై ఉంటుందని. భాగస్వాములు ఎక్కువేమో, డ్రగ్స్ ఎక్కువేమో, కండోమ్ వాడరేమో. అప్పట్లో సీడీసీలో పనిచేస్తున్న గ్రెగొరీ మిల్లెట్ అనే నల్లజాతి శాస్త్రవేత్త 2006లో, 2007లో అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నిటినీ ఒక్కచోట పోగేసి చూశాడు. తేలిందేమిటంటే, తెల్లజాతి గే పురుషులతో పోలిస్తే వాళ్ల ప్రవర్తనలో ప్రమాదం ఎక్కువ లేదు. భాగస్వాములు తక్కువే, డ్రగ్స్ వాడకం తక్కువే. తేడా వేరేచోట ఉంది. తమకి హెచ్ఐవీ ఉన్న సంగతి తెలియనివాళ్లు ఎక్కువ, చికిత్స అందినవాళ్లు తక్కువ. దాంతో ఒకే బస్తీలో, ఒకే స్నేహబృందంలో వైరస్ తిరుగుతూ ఉంటుంది. అదే మనిషి అంతే జాగ్రత్తగా ఉన్నా ప్రమాదం ఎక్కువ. ఆ డేటా అంతా అంతకుముందూ అందరికీ అందుబాటులోనే ఉంది. తన వాళ్ల మీద పడిన నిందని నమ్మలేక లెక్క తిరగేసి చూడాలనిపించిన మనిషి కావాల్సి వచ్చింది.

లెక్కలు మారాక పథకాలూ మారాయి. ఆరు నగరాల్లో 1,553 మంది నల్లజాతి పురుషులతో పెద్ద అధ్యయనం జరిగింది. ఆ తర్వాత లాస్ ఏంజెలెస్, వాషింగ్టన్, ఛాపెల్ హిల్‌లలో 226 మందితో ఇంకోటి. దానికి సారథ్యం వహించిన డారెల్ వీలర్ కూడా నల్లజాతివారే. అందులో మందుతోపాటు మనిషికి ఒక తోడు ఇచ్చారు. ఇన్సూరెన్స్ కాగితాలు, బస్సు చార్జీ, ఇంటి అద్దె గొడవ, అన్నిటిలో పక్కనుండే మనిషి. ప్రెప్ తీసుకోవాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టానికే వదిలేశారు. 79 శాతం మంది తీసుకుంటామన్నారు. ఇందాకటి 11 శాతం పక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే కొలత కాదని నాకు తెలుసు, నా వృత్తి నన్ను ఊరుకోనివ్వదు కాబట్టి చెప్పేస్తున్నాను. అయినా "వాళ్లు మందు వద్దంటారు" అన్న మాట మాత్రం అక్కడితో చెల్లిపోయింది.

మా యువ పరిశోధకురాలి సంగతికి వస్తాను. ఒక ఆదివారం ఆమెతోపాటు వాళ్ల ఊరి వైపు ఒక చర్చికి వెళ్లాను. ప్రార్థన అయ్యాక కింద హాల్లో భోజనాలు. కాగితం ప్లేట్లు, వేయించిన చికెన్, మొక్కజొన్న రొట్టె, వాసన మెట్ల మీదకే వస్తోంది. ఆమె ప్రొజెక్టర్ తెచ్చింది. స్విచ్ వేయబోతుంటే ముందు వరసలోంచి ఒక పెద్దావిడ, తల మీద ఊదారంగు టోపీ, ఒళ్లో బైబిలు, చెయ్యెత్తి అడిగింది. "అమ్మాయ్, మీరు టస్కీగీ వాళ్లేనా?"

తెలియనివాళ్ల కోసం చెబుతాను. అలబామాలో టస్కీగీ ఊరున్న మేకన్ కౌంటీలో 1932 నుంచి 1972 వరకు అమెరికా ప్రజారోగ్య శాఖవాళ్లు సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి రైతులకి, కూలీలకి చికిత్స ఇస్తున్నట్టు నటించి, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. 1940ల చివరికల్లా పెన్సిలిన్ అందరికీ దొరుకుతున్నా వాళ్లకి అందనివ్వలేదు. పత్రికలో బయటపడ్డాకగానీ ఆగలేదు. నలభై ఏళ్లు. ఆ హాల్లో ఉన్న పెద్దవాళ్లకి అది చరిత్ర పాఠం కాదు, పక్క రాష్ట్రంలో చుట్టాలకి జరిగిన సంగతి.

నేనైతే ఆ ప్రశ్నకి నైతిక కమిటీ అనుమతులు, సమ్మతి పత్రాలు అని ఏదో మొదలుపెట్టేవాణ్ణి. ఆమె ప్రొజెక్టర్ ఆపేసింది. కుర్చీ లాక్కుని ఆ పెద్దావిడ ఎదురుగా కూర్చుని, "మా నాన్నమ్మది కూడా అలబామానే. ఆవిడ చనిపోయేదాకా డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. నేను ఈ చదువులోకి వచ్చిందే అందుకు" అంది. తర్వాత గంటసేపు స్లైడు ఒక్కటి లేదు. మాటలే. మధ్యలో పెద్దావిడ నా వైపు చూపించి "మరి ఇతనెవరు?" అంది. "లెక్కలు చూస్తాడు, మంచివాడే" అని ఆమె పూచీ పడింది. ఆ రోజు చీటీ మీద పేరు రాసినంతమందిని అంతకుముందు రెండు నెలల్లో కలిపినా మేం చూడలేదు. పద్దెనిమిదేళ్ల అనుభవం ఉన్న నాకు ఆ గదిలో ఉన్న విలువ, ఆమె ఇచ్చిన పూచీకత్తు అంత. మెరిట్ అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఆ హాలు గుర్తొస్తుంది. ఆ గంటలో ఆమె చేసింది మెరిట్ కాకపోతే మనం దాన్ని ఏమనాలి?

సరే, మెరిట్ మాటే తీసుకుందాం. 2011లో 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. తెల్లవారితో పోలిస్తే నల్లజాతి శాస్త్రవేత్తలకి ఎన్ఐహెచ్ గ్రాంట్ దక్కే అవకాశం 13 శాతం పాయింట్లు తక్కువ. చదువు, శిక్షణ, ప్రచురించిన పేపర్లు, అంతకుముందు వచ్చిన గ్రాంట్లు, పనిచేసే యూనివర్సిటీ, అన్నీ సమానం చేసి చూసినా ఇంకా 10 పాయింట్ల తేడా మిగిలింది. అందులో ఆసియావాళ్లకీ 4 పాయింట్లు తక్కువే వచ్చాయి, ఆ సంగతి మన బల్ల దగ్గర ఎవరూ అనలేదు. 2019లో ఎన్ఐహెచ్ సొంత మనుషులే ఇంకోటి చేశారు. తెల్లవారి దరఖాస్తుల్లో 17.7 శాతానికి డబ్బు వస్తే, నల్లవారి వాటిలో 10.7 శాతానికి. తేడాలో ఐదో వంతుకి పైగా కారణం వాళ్లు ఎంచుకున్న అంశమట. కణాల మీద, అణువుల మీద రాస్తే డబ్బు. బస్తీల మీద, మనుషుల మీద రాస్తే అంత రాదు. నల్లజాతి శాస్త్రవేత్తలు ఎక్కువగా రాసేది మనుషుల మీదే. ఎందుకు రాస్తారో ఆ పెద్దావిడని అడగండి.

మనం చిన్నప్పుడు ఎంసెట్ ర్యాంకు కోసం పెరిగినవాళ్లం. ర్యాంకు చెప్పే నిజం ఒకటుంటుందని నమ్ముతాం. నేనూ నమ్మాను. రివ్యూ కమిటీ ఎంసెట్ కాదు. అక్కడ జవాబుల తాళం ఉండదు, ఏ ప్రశ్న ముఖ్యమో నిర్ణయించేది కూడా ఆ గదిలో కూర్చున్న మనుషులే.

2025లో ఏం జరిగిందో పేపర్లలో చదివే ఉంటారు. ఆ ఏడాది మొదటి నెలల్లో ఎన్ఐహెచ్ వందల గ్రాంట్లు మధ్యలో ఆపేసింది. వైవిధ్యం, మైనారిటీలు, ఎల్‌జీబీటీ ఆరోగ్యం వంటి మాటలున్నవి ముందు పోయాయి. కొత్త శాస్త్రవేత్తల శిక్షణ పథకాలూ వాటిలోనే పోయాయి. ఏప్రిల్‌లో సీడీసీ హెచ్ఐవీ విభాగంలో కొన్ని శాఖలకి శాఖలే మూతపడ్డాయి. జూన్ 16న మసాచుసెట్స్‌లో ఫెడరల్ జడ్జి విలియం యంగ్ ఆ రద్దులు చెల్లవన్నారు. ఇంత బాహాటమైన జాతి వివక్ష తన సర్వీసులో చూడలేదని కోర్టులోనే అన్నారు. ఆయన్ని నియమించింది రిపబ్లికన్ అధ్యక్షుడు రీగన్ అని గుర్తుచేస్తాను, ఎందుకంటే మన బల్ల దగ్గర వెంటనే వచ్చే ప్రశ్న అదే. ఆగస్టు 21న సుప్రీంకోర్టు 5-4 తేడాతో, డబ్బు తగాదా వేరే కోర్టులో తేల్చుకోవాలంటూ ఆ తీర్పులో ఆ భాగాన్ని నిలిపేసింది.

పైనుంచి చూస్తే ఇది కోర్టుల కబడ్డీ. కింద ఏం జరిగిందో చెబుతాను. మా పరిశోధకురాలికి డబ్బిస్తున్న సంస్థ నుంచి మార్చిలో ఒక శుక్రవారం సాయంత్రం ఈమెయిల్ వచ్చింది. మీ పని మా ప్రాధాన్యాలకి ఇక సరిపోదని. సోమవారం నుంచి ఖర్చు రాయకూడదు. ఊరూరా తిరిగి మనుషుల్ని కలిసే కోఆర్డినేటర్ ఒకామె ఉండేది, ఇద్దరు పిల్లల తల్లి, నెల తిరక్కుండా గిడ్డంగిలో ఉద్యోగానికి వెళ్లిపోయింది. వేసవిలో డబ్బు మళ్లీ వస్తుందన్నారు, కాగితం మీద వచ్చింది కూడా. అప్పటికి కోఆర్డినేటర్ లేదు, చీటీల మీద పేర్లు రాసినవాళ్లకి నెలల తరబడి ఎవరూ ఫోన్ చేయలేదు. ఒకసారి మాట ఇచ్చి మాయమైతే ఆ చర్చి హాల్లో దాని పేరేమిటో మీకు తెలుసు. ఆమె ఇప్పుడు వేరే ఉద్యోగాలు చూసుకుంటోంది. ఒక మందుల కంపెనీలో అయితే జీతం దాదాపు రెట్టింపు. వెళ్లొద్దని అనడానికి నాకు నోరు రాలేదు.

ఇక మీ దగ్గరికి ఎందుకొచ్చానో చెప్పాలి. ప్రతి కన్వెన్షన్‌లోనూ వేదిక పక్కన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఫొటో ఉంటుంది. దండ వేస్తాం. భీమవరంలో పుట్టినవాడు, మనవాడు, నోబెల్ రావాల్సినవాడు అంటాం. ఆయన 1920లలో బోస్టన్‌లో దిగినప్పుడు ఎలా నిలబడ్డాడు? మామగారు ఇచ్చిన డబ్బు, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి చేసిన సాయం, హార్వర్డ్‌లో రిచర్డ్ స్ట్రాంగ్ అనే ప్రొఫెసర్ పట్టుకున్న చెయ్యి. అయినా సరిపోక ఆసుపత్రిలో రాత్రిపూట బెడ్‌పాన్లు కడిగాడు. 1925కల్లా హార్వర్డ్ శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టాడు, అది ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. హార్వర్డ్ ఆయనకి పక్కా ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లే అనే మందుల కంపెనీకి వెళ్లిపోయాడు. ఆ రోజుల్లో భారతీయులకి ఈ దేశ పౌరసత్వం చెల్లదని 1923లోనే సుప్రీంకోర్టు చెప్పేసింది, 1946దాకా చట్టం మారలేదు. మనవాడికి మెరిట్ లేక అలా జరిగిందని మీలో ఎవరైనా అంటారా? మనం ఈ దేశం రాగలిగింది 1965 వలస చట్టం వల్ల. ఆ చట్టం వచ్చిన గాలిని పౌరహక్కుల ఉద్యమంలో నల్లవారు దెబ్బలు తిని తెచ్చారని కూడా తెలుసు మనకి.

మన పక్కింటి కథ ఇంకోటి. మన దేశంలో హెచ్ఐవీని మొదట పట్టుకున్నది చెన్నైలో ఒక విద్యార్థిని. 1985లో మద్రాస్ మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ చదువుతున్న సెల్లప్పన్ నిర్మలకి ఆ అంశం ఇచ్చింది ప్రొఫెసర్ సునీతి సోలమన్. మన దేశంలో ఆ జబ్బు లేదని అందరూ నమ్మే రోజులవి. నిర్మల తటపటాయిస్తే భర్త ధైర్యం చెప్పి, స్కూటర్ మీద దింపివచ్చేవాడు. సేకరించిన రక్త నమూనాలు దాచడానికి చోటులేక ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టుకుంది. 1986లో వెల్లూరులో పరీక్ష చేస్తే అందులో ఆరు పాజిటివ్. దగ్గర్లో గురువు, వెనక ఒక మనిషి, నమూనాలకి ఒక ఫ్రిజ్. ఇన్నేళ్ల తర్వాత కూడా కొత్త శాస్త్రవేత్తకి కావలసినవి అవే.

ఇంకా మనకెందుకు అనిపిస్తే మ్యాపు చూడండి. 2030కల్లా కొత్త కేసుల్ని 90 శాతం తగ్గించాలని 2019లో ట్రంప్ మొదటి పాలనలోనే జాతీయ పథకం పెట్టారు. హెచ్ఐవీ ఎక్కువున్న 48 కౌంటీలు ఎంచారు. మన అట్లాంటా చుట్టూ అవి నాలుగు, ఫుల్టన్, డీకాల్బ్, కాబ్, గ్విన్నెట్. మన గుళ్లు, మన కిరాణా కొట్లు, మన డ్యాన్స్ స్కూళ్లు ఉన్న కౌంటీలే. డల్లాస్ ఉంది, హ్యూస్టన్ ఉన్న హారిస్ ఉంది, షార్లెట్ ఉన్న మెక్లెన్‌బర్గ్ ఉంది. ఏటా మన ఊళ్ల నుంచి దిగే వేలమంది మాస్టర్స్ విద్యార్థులు ఉండేదీ ఇక్కడే. వాళ్లలో ఎంతమందికి ప్రెప్ అన్న మాట తెలుసో అడిగి చూడండి. మీరు అడగలేరు, వాళ్లు చెప్పలేరు.

మన హైదరాబాద్ ఈ కథలో ఎక్కడుందో తెలిస్తే గర్వపడతారు. ఆర్నెల్లకి ఒక ఇంజెక్షన్‌తో హెచ్ఐవీని ఆపే లెనకాపవిర్‌కి 2025 జూన్‌లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో ఆ ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మంది అమ్మాయిల్లో ఒక్కరికి కూడా హెచ్ఐవీ రాలేదు. దాని జెనరిక్‌ని ఏడాదికి దాదాపు 40 డాలర్లకే 2027 నుంచి 120 దేశాలకి ఇస్తామని ఒప్పుకున్న రెండు కంపెనీలు డాక్టర్ రెడ్డీస్, హెటెరో. రెండూ మనవే. ఆ 120 దేశాల్లో అమెరికా లేదు. ఇక్కడ 2025లో దాని జాబితా ధర ఏడాదికి 28,218 డాలర్లు. మన ఊళ్లో తయారైన మందు సోవెటోలో అమ్మాయికి చేరుతుంది, మన ఇంటికి మూడు గంటల దూరంలో ఉన్న ఆ చర్చికి వచ్చే అమ్మాయికి చేరుతుందో లేదో చెప్పలేం. ధర ఒక అడ్డంకి. రెండోది, ఆ హాల్లో కుర్చీ లాక్కుని కూర్చునే మనిషి ఉండాలి.

అందుకని అడుగుతున్నాను. వచ్చే కన్వెన్షన్ బడ్జెట్‌లోంచి ఇద్దరు యువ శాస్త్రవేత్తలకి రెండేళ్ల ఫెలోషిప్ పెట్టండి. వాళ్లు తెలుగువాళ్లు కానక్కర్లేదు, కాకపోతేనే మేలు. ఎంతవుతుందంటారా? 2024లో మొదటి ఏడాది పోస్ట్‌డాక్‌కి ఎన్ఐహెచ్ పెట్టిన స్టైపెండ్ 61,008 డాలర్లు. అతిథి తారల విమాన టికెట్లు, హోటల్ గదులు, లైటింగ్ బిల్లులు మీకే తెలుసు, నేను లెక్కగట్టను. అంత కాకపోయినా, మధ్యలో గ్రాంట్ ఆగిన వాళ్లకి ఆర్నెల్లు కోఆర్డినేటర్ జీతం ఇచ్చినా ఆ చీటీల మీద పేర్లకి ఫోన్ వెళ్తుంది.

లాయర్లు ఒక మాట చెబుతారు, అది నిజమే కాబట్టి ముందే చెప్పేస్తాను. ఫలానా జాతివారికే అని రాస్తే ఇప్పుడు ప్రైవేటు సంస్థల మీద కూడా దావాలు పడుతున్నాయి. అట్లాంటాలోనే ఫియర్‌లెస్ ఫండ్ నల్లజాతి మహిళా వ్యాపారులకి ఇచ్చే గ్రాంట్‌ని 2024లో అప్పీల్ కోర్టు ఆపించింది. కాబట్టి అర్హత పని మీద పెట్టండి. హెచ్ఐవీ ఎక్కువున్న కౌంటీల్లో, అక్కడి మనుషులతో కలిసి పనిచేసేవారు, కుటుంబంలో మొదట చదువుకున్నవారు, మధ్యలో నిధులు ఆగినవారు. మోర్‌హౌస్ లాంటి మెడికల్ స్కూళ్లతో కలిసి ఎంపిక చేయొచ్చు. మన సంఘాల్లో లాయర్లకి కొదవలేదు, ఒక శనివారం కూర్చుంటే కాగితం తయారవుతుంది.

డబ్బు కంటే తేలిగ్గా మన దగ్గరున్నది మనుషులు. ప్రొఫెసర్లున్నారు, నాలాంటి లెక్కలవాళ్లున్నారు, గ్రాంట్లు రాసి జుట్టు నెరిసినవాళ్లున్నారు. నెలకి రెండు గంటలు ఒక కొత్తవారి మొదటి పేజీ దిద్దడానికి ఎవరు ముందుకొస్తారో ఒక్కసారి మైకులో అడగండి. నా పేరు మొదట రాసుకోండి. అలాగే కన్వెన్షన్ హెల్త్ క్యాంపులో బీపీ, షుగర్ బల్లల పక్కన హెచ్ఐవీ పరీక్షకి ఒక బల్ల వేయించండి. వేలిమీద చిన్న పోటు, ఇరవై నిమిషాల్లో ఫలితం. తెర కట్టించండి చాలు, పిల్లలు వస్తారు. ఇంకోటి, మన వేదిక మీద శాలువా కప్పించుకునే కాంగ్రెస్ సభ్యుల్ని ఫొటో తీసే ముందు ఈ గ్రాంట్ల గురించి ఒక్క ప్రశ్న అడగండి. జవాబు ఏం చెప్పినా అడిగినట్టు గుర్తుంటుంది వాళ్లకి.

రాబోయే కార్యవర్గ సమావేశంలో నాకు పదిహేను నిమిషాలు కావాలి. నేను మాట్లాడను, మా పరిశోధకురాలిని తీసుకొస్తాను. ప్రొజెక్టర్ అక్కర్లేదు, ఒక కుర్చీ చాలు. భోజనాల్లో పులిహోర పెట్టండి. మా ఇంట్లో ఒకసారి తిన్నప్పటి నుంచి అడుగుతోంది. ఎండుమిరపకాయలు మాత్రం ఏరి ప్లేటు అంచున వరసగా పెట్టుకుంటుంది, ఏమీ అనుకోకండి.

ఇట్లు,
మీ జీవిత సభ్యుడు, పార్కింగ్ వాలంటీర్
గ్విన్నెట్ కౌంటీ, జార్జియా